స్వస్థత కూడిక

కూరలో ఉప్పు చూడటానికి సుభాషిణికి వీల్లేదు. శుక్రవారం ఉపవాసం. మధ్యాహ్నం మూడింటికి పాస్టరయ్యగారు చివరి ఆమెన్ అనేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. నలభై మందికి బగారన్నం, కోడికూర, పప్పుచారు పొద్దున ఏడింటి నుంచి ఒంటిచేత్తో వండుతోంది, ఒక్క మెతుకు నోట్లో వేసుకోకుండా. కూతుర్ని పిలిచి, గరిటెలో కూర చల్లార్చి, "ఉప్పు చూడు బిడ్డా" అంది.

"బరోబర్ ఉంది మమ్మీ," అంటూ పద్నాలుగేళ్ళ ప్రజ్ఞ తల్లి ముఖంలోకి చూసింది. "కాయ్ ఝాలం, ఏమైంది? నీ పెదాలు గట్ల తెల్లగ అయినయేంది?"

"ఎండకు. నువ్వు పోయి కూలర్ ముంగట కూసో."

మహారాష్ట్రలోని ఈ చంద్రపూర్‌లో మే నెల ఎండ మీదికి ఏ నేరమైనా నెట్టేయొచ్చు, ఎవరూ కాదనరు. కానీ ఇది ఎండ పని కాదు. పది రోజులుగా ఆగిన రక్తం పొద్దున లేవగానే మళ్ళీ మొదలైంది. వంట మధ్యలో నాలుగుసార్లు బాత్రూంలోకి వెళ్ళి వచ్చింది. నడుము కింద ఎవరో తాడు కట్టి గుంజుతున్నట్టుంది. ఇంతకీ ఇవాళ్టి కూడిక దేనికయ్యా అంటే, ఆమెకు జబ్బు నయమైనందుకు దేవునికి కృతజ్ఞత చెల్లించడానికి.

నెల కిందట లేడీ డాక్టరు స్కానింగ్ రిపోర్టు చూసి, గర్భసంచిలో గడ్డలున్నాయనీ, ఒంట్లో రక్తం ఆరు పాయింట్లకు పడిపోయిందనీ, రక్తం ఎక్కించి సంచి తీసేయాలనీ చెప్పింది. "తాయీ, ఉషీర్ కరూ నకా," అంది, ఆలస్యం చేయవద్దని ఒకటికి రెండుసార్లు. రాబోయే సోమవారానికి ఆసుపత్రిలో మంచం కూడా రాసుకున్నారు. ఈలోగా అయ్యగారు ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. తర్వాత నాలుగు రోజులకు రక్తం ఆగింది. ఆగిన అయిదోరోజు, ఆదివారం ఆరాధనలో, సంఘపెద్ద హోదాలో ఆమె భర్త శ్రావణ్‌కుమార్ లేచి భార్యకు స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పేశాడు. ఆమెనొక్క మాట అడగలేదు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న సుభాషిణి తన గర్భసంచి కబురు మైకులో విన్నది. అందరూ చప్పట్లు కొట్టారు. తానూ కొట్టింది. నిజమైతే ఎంత బాగుండునని ఆమెకూ ఉంది మరి. మర్నాడే అతను ఆసుపత్రికి ఫోన్ చేసి, మంచం అక్కరలేదని చెప్పేశాడు.

ఇవాళ పొద్దున అతనికి చెప్పింది. ఆమె ఇస్త్రీ చేసిపెట్టిన తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "మళ్ళ మొదలైంది" అనగానే అతని చేతులు ఆగాయి. చూపు మాత్రం అద్దంలోనే ఉంది.

"ఎవ్వరితోటి అనకు. ఇది సైతాను పరీక్ష. సంఘం మొత్తం ముంగట సాక్ష్యం చెప్పినం. గిప్పుడు దవాఖానకు పోతే దేవుని పేరు ఏమైతది? మనుషుల మీద, మందుల మీద కాదు, దేవుని మీద ఆధారపడు." ఆ వెంటనే ఇంకో మాట అన్నాడు. "కూరల కారం తక్కువెయ్యి. అయ్యగారికి పడదు."

"మరి ఉపవాసమన్న విడుస్త. కండ్లు తిరుగుతున్నయ్."

"నీ స్వస్థత కోసమే కూడిక. నువ్వే ఉపవాసం లేకపోతే ఎట్ల?"

ఆధారపడటమన్న మాట ఆమె ఈ ఇంట్లో పదహారేళ్ళుగా వింటోంది. మామ పక్షవాతంతో మంచాన పడిన మూడేళ్ళూ, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతో శ్రావణ్‌కుమార్ "అంతా దేవుని మీదనే ఆధారం" అనేవాడు. మామ పక్కగుడ్డలు ఉతికింది సుభాషిణి. మాజ్రి గనిలో డ్యూటీ చేసి వచ్చి అతను బైబిలు పట్టుకు కూర్చుంటే, బొగ్గుమసి పట్టిన బట్టలు ఆమె నానబెట్టేది. అత్త ఐలమ్మ "మా ఇంట్ల దేవుని దయవల్ల ఏ పని ఆగదు" అని కాలనీ అంతా చెప్పుకునేది. ఆగకుండా ఎవరు చేస్తున్నారో దేవునికి తెలుసు. సుభాషిణి గుమాస్తాగా పనిచేసే బళ్ళోనూ అంతే. "తుమ్హీ ఆహాత్ నా మేడం," మీరున్నారు కదా అంటూ అందరి రిజిస్టర్లూ ఆమె బల్ల మీదే పడేసి వెళ్ళేవారు. ఆపరేషన్‌కని దాచుకున్న సెలవుల్లో ఒకటి ఇవాళ కోడిమాంసం కడగడానికి పోయింది. అయితే అందరినీ ఆడిపోసుకుని లాభం లేదు, ఇందులో తన వాటా కూడా ఉందని సుభాషిణికి తెలుసు. ఎవరైనా సాయం చేయబోతే "నేను చేసుకుంట" అని చేతిలో గిన్నె లాక్కునేది తనే. "సుభాషిణమ్మ ఉంటే చాలు" అని సంఘంలో అంటే లోలోపల పొంగిపోయేదీ తనే. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు భర్త ప్రమోషన్, అత్త కీళ్ళనొప్పులు, ప్రజ్ఞ లెక్కల మార్కులు అన్నీ దేవునికి పేరుపేరునా అప్పజెప్పి, తన వంతు వచ్చేసరికి "స్తోత్రం" అని లేచిపోయేది. దేవునికి కూడా తాను బరువు కాకూడదనుకునే రకం.

ముందుగదిలో పాటలు మొదలయ్యాయి. తెలుగు చదవడం రాని ఆడపిల్లలు నాగరి లిపిలో రాసుకున్న తెలుగు పాటల నోటుబుక్కులు ముందేసుకుని గొంతెత్తి పాడుతున్నారు. చాప కోసం వంటింట్లోకి వచ్చిన నర్సక్క గడపలోనే ఆగిపోయింది.

ఈ నర్సక్కంటే సుభాషిణికి కొంచెం చిన్నచూపు. భర్త పోయాక హాస్టల్లో అంట్లు తోముకుని బతుకుతోంది. ప్రతి ఆదివారం మందిరంలో చెయ్యెత్తి ఏదో ఒకటి అడుగుతుంది, ఇంటి పైరేకు ఎగిరిపోయింది ప్రార్థన చేయండి, కాలు బెణికింది ప్రార్థన చేయండి అంటూ.

"గట్టు పట్టుకొని నిలబడ్డవేంది చెల్లె? మళ్ళ మొదలైందా?"

"ఏం లేదక్కా. నేను చేసుకుంట."

నర్సక్క కదల్లేదు. "నా ఇంటి రేకు కోసం ప్రార్థన చెయ్యమన్ననాడు నువ్వు మూతి తిప్పుకున్నవ్. నేను చూసిన. నాకేం సిగ్గు కాలె. దేవుడున్నడని నమ్మినంక అడిగెటందుకు సిగ్గేంది? నువ్వే ఏనాడు ఏమడగవు. నీకు ఆయన మీద నమ్మకం ఉన్నదో లేదో నాకైతే సమజ్ కాదు."

అని చాప చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. పదహారేళ్ళ భక్తిని రెండు ముక్కల్లో తీసిపారేసినందుకు సుభాషిణికి ఒళ్ళు మండింది. నాకు నమ్మకం లేదా? ఉపవాసాలున్నదెవరు, మందిరం ఊడ్చిందెవరు? ఆ కోపంలోనే ఇంకో సంగతి కూడా తట్టింది. నర్సక్క అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

"ఇప్పుడు నా భార్య వచ్చి రెండు మాటలు సాక్ష్యం చెప్తది," అన్న శ్రావణ్‌కుమార్ గొంతు ముందుగదిలోంచి వినిపించింది.

చేతులు కొంగుకు తుడుచుకుని ఆమె గుమ్మం దాకా వచ్చి, తలుపు చెక్క పట్టుకుంది. నలభై ముఖాలూ ఆమె వైపు తిరిగాయి. భర్త నవ్వుతున్నాడు గానీ కళ్ళు మాత్రం జాగ్రత్త అంటున్నాయి. ఒక్క అబద్ధం చెబితే సరి, అందరూ స్తోత్రం చెప్పి భోంచేసి వెళ్తారు. ఆ తర్వాత ఇక ఆసుపత్రి మాట ఎత్తడానికి లేదు. ఎత్తితే భర్త అబద్ధికుడవుతాడు, సంఘం నవ్వులపాలవుతుంది, తానేమో విశ్వాసం చాలని మనిషవుతుంది. ఎత్తకపోతే ఎన్నాళ్ళు బతుకుతుందో డాక్టరమ్మ చెప్పకపోయినా ఆమె ఒంటికి తెలుస్తూనే ఉంది. తాను అబద్ధమాడితే తప్ప నిలవని పేరా దేవునిది?

"అందరికి వందనాలు. నాకు తగ్గలేదు," అంది సుభాషిణి. "పది దినాలు ఆగిన మాట నిజమే. ఇయ్యాల పొద్దుగాల మళ్ళ మొదలైంది. గిప్పుడు గూడ రక్తం పోతనే ఉన్నది."

ఐలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆడోళ్ళ ముచ్చట మొగోళ్ళ ముంగటనా?" అంది.

"నా ముచ్చట మైకుల చెప్పిన్నాడు మొగోళ్ళు లేకుండెనా అత్తమ్మా?"

"సుభాషిణీ!" శ్రావణ్‌కుమార్ ముందుకు వచ్చాడు. "దేవుని మీద ఆధారపడాలని పొద్దున్నే చెప్పిన గదా..."

"చెప్పిన్రు. పదహారేండ్ల సంది చెప్తున్రు. నేను గూడ ఆధారపడ్డననే అనుకున్న. కాదు. నేను నా రెక్కల మీదనే ఆధారపడ్డ. మీరందరు గూడ నా రెక్కల మీదనే ఆధారపడి దేవుని పేరు చెప్పిన్రు. ఇయ్యాల ఆ రెక్కలు లేస్తలేవు." తర్వాతి మాట ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట. "నాకు సాయం కావాలె. నన్ను ఇప్పుడే దవాఖానకు తోల్కపోవాలె. రక్తం ఇచ్చెటోళ్ళు కావాలె. ఇదే నా ప్రార్థన మనవి."

సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. కానీ ఆ సిగ్గు కింద ఛాతీలో ఏదో సడలింది, ఊపిరి లోపలిదాకా వెళ్ళింది. అయ్యగారు తాను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని ఆమె ముందుకు జరిపి, "తొందరపడి చప్పట్లు కొట్టించిన తప్పు నాదమ్మా. కూసో," అన్నారు. ఆమెన్ కోసం ఆగకుండా నర్సక్క అప్పటికే రోడ్డు మీదికి పరుగెత్తి ఆటోను కేకేస్తోంది. ప్రజ్ఞ అలమారాలోంచి రిపోర్టుల ఫైలు తెచ్చి గుండెకు హత్తుకుని నిలబడింది. వెనక వరుసలో ఇద్దరు తమ బ్లడ్ గ్రూపులు చెప్పుకుంటున్నారు. శ్రావణ్‌కుమార్ బైబిలు చేతిలో పట్టుకుని, ఎటు చూడాలో తెలియక నేల చూస్తున్నాడు.

సుభాషిణి కుర్చీలో కూర్చుంది. నలభై మంది ఉన్న ఇంట్లో ఆమె కూర్చోవడం ఇదే మొదటిసారి.

"మరి గింతమందికి అన్నం ఎవరు పెడ్తరే?" అని వంటింటి గుమ్మంలోంచి ఐలమ్మ నిలదీసింది.

సుభాషిణి వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

"దేవుడు ఎవర్నో ఒకర్ని లేపుతడు అత్తమ్మా."