ఆదివారం తలస్నానం

ముందు వాసన వచ్చింది. హాస్టల్ తర్వాత వచ్చింది.

శామీర్‌పేట దాటి బస్సు మట్టిరోడ్డు ఎక్కిందో లేదో — వాసన. ముక్కులోకి కాదు, నేరుగా గొంతులోకి. తడిసిన ఈకలు, కోడి రెట్ట, పులిసిన దాణా... గాలంతా అదే.

నాన్న కిటికీ అద్దం మూశాడు. అద్దం సగమే ఉంది.

శ్రీదివ్య చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అన్నం తినేటప్పుడు తప్ప ఆ చున్నీ మళ్లీ కిందికి దిగలేదు.

హాస్టల్‌కి ఒక పక్క కోళ్ల షెడ్లు. ఇంకో పక్క ద్రాక్షతోటలు. తోటలైనా మంచి వాసన వేస్తాయనుకుంది, పిచ్చిపిల్ల. షెడ్లలో ఎత్తిన ఎరువంతా ట్రాక్టరెక్కి ఆ తోటల్లోకే వస్తుంది. గాలి ఇటునుంచి వీస్తే కోళ్లు. అటునుంచి వీస్తే కోళ్ల ఎరువు. మధ్యలో యూనివర్సిటీ. ఇక్కడ సరస్వతీదేవి ఒక చేత్తో వీణ పట్టుకుని ఇంకో చేత్తో ముక్కు మూసుకుని ఉంటుంది.

అమలాపురంలో అమ్మమ్మ అనేది — నీకు 'అమ్మా' రాకముందే 'ఛీ' వచ్చిందే అని.

నిజమే. పాల మీద మీగడ, ఛీ. తమ్ముడు తాగిన గ్లాసు, ఛీ. మంచినీళ్లు ఎత్తి పోసుకోవాలి, పెదవి తగిలితే ఎంగిలి. ఆ ఇంట్లో అది ముద్దు. చుట్టాలొస్తే చెప్పుకుని నవ్వుకునే ముచ్చట.

ఇక్కడ ముచ్చటపడేవాళ్లు లేరు.

ఇక్కడ ఈగలు.

మెస్సులో అన్నం గిన్నె మీద నల్లటి మూత ఉంటుంది. గరిటె పెడితే మూత లేస్తుంది, గరిటె తీస్తే మళ్లీ వాలుతుంది. సాంబారులో తేలేది మిరియమా ఈగా అని అడిగితే, వడ్డించేవాడు గరిటెతో దాన్ని పక్కకి తోసి, మిరియమే అన్నాడు. మిరియానికి రెక్కలున్నాయి.

ఛీ.

బాత్రూములో నీళ్లు పోయే కంత మీద జుట్టు. ఎవరిదో కాదు, అందరిదీ. ఉండలుగా, తడిగా. నీళ్లు పోసుకుంటుంటే తేలుకుంటూ వచ్చి కాలి వేళ్లకి చుట్టుకునేది. బకెట్టు అడుగున జిగురు. గోడ మీద బొట్టుబిళ్లలు — పెట్టుకున్న మొహాలు ఎక్కడికి పోయాయో గాని, బిళ్లలు మాత్రం మిగిలాయి.

ఛీ... ఛీ.

టేబులుకొక నీళ్ల జగ్గు. దానికి మూతి ఆనించి తాగే పిల్లలు. వాళ్లందరిలోకీ మొదటిది ఆమె రూమ్మేట్, రోజారాణి.

గజ్వేల్ అవతల ఏదో పల్లె. పెద్ద నవ్వు, పెద్ద గొంతు. గోళ్లు కొరికేది. కొరికి ఊసేది కూడా కాదు, నమిలేది. ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆ ఎంగిలి చెయ్యి తీసుకెళ్లి మాగాయ సీసాలో పెట్టింది. శ్రీదివ్య సీసాలో. అమ్మ ఎండబెట్టి, ఊరబెట్టి, గుడ్డ కట్టి పంపిన మాగాయలో.

ఆ రోజుతో ఆ సీసాకీ శ్రీదివ్యకీ చెల్లు. మళ్లీ ముట్టుకోలేదు. నువ్వే తినెయ్ అంది.

రోజా దాన్ని ప్రేమనుకుంది.

"గింత మంచి తొక్కు నాకే ఇచ్చింది మా దివ్య," అని వరండా అంతా చాటింది.

ఒక సాయంత్రం గాలి మరీ బరువెక్కింది. పిల్లలంతా కిటికీలు మూశారు. రోజా మాత్రం కిటికీ తెరిచి, ఊచలు పట్టుకుని, గుండెనిండా పీల్చింది.

"మా బాపు అంగి గిట్లనే వాసనొస్తది," అంది. "కోళ్ల ఫారంల జేస్తడు గదా. గందుకే నాకీడ ఇంటి మీద రంది గంతగనం లేదు."

ఆ మాటని ఏం చేసుకోవాలో శ్రీదివ్యకి తెలియలేదు. ఆదివారం కోసం దాచుకుంది.

ఆదివారం.

వారమంతా ఊపిరి బిగబట్టుకుని బతికేది ఆదివారం కోసమే. బహదూర్‌పల్లి కాలనీలో జానకీదేవి అత్తయ్య ఇల్లుంది. అమలాపురంలో నాన్న ఆఫీసులోనే పనిచేసి, బదిలీ మీద ఇటొచ్చి, ఇల్లు కట్టుకుని స్థిరపడ్డ మావయ్యగారి ఇల్లు. వార్డెన్ దగ్గర లోకల్ గార్డియన్ అని రాయించింది వాళ్ల పేరే.

అక్కడ వీధి గుమ్మంలోంచి వెళ్లకూడదు. పక్క సందులోంచి పెరట్లోకి. పంపు పక్క గదిలో వేడినీళ్లు, కుంకుడు రసం సిద్ధం. హాస్టల్ బట్టలు బయట బకెట్లో పడెయ్యాలి. తలారా స్నానం. ఒళ్లంతా ఎర్రబడేదాకా. ఆ తర్వాత, పెళ్లై వెళ్లిన అత్తయ్య కూతురి పాత చుడీదార్. అప్పుడు లోపలికి.

ఇంకో పిల్లయితే చిన్నబుచ్చుకునేది. శ్రీదివ్యకి ప్రాణం లేచి వచ్చేది. ఇన్నాళ్లకి ఒక మనిషి దొరికింది — తనలాంటి మనిషి.

అన్నం వడ్డిస్తూ అత్తయ్య అడిగేది, "ఊఁ, ఈ వారం ఏవిటే విశేషాలు?"

చెప్పేది. ఈగలు, జుట్టు, జగ్గు. అత్తయ్య చెవులు మూసుకునేది, ఓకరించినట్టు మొహం పెట్టేది, అంతలోనే — ఇంకా? అనేది. కారం తిన్నట్టే. కళ్లనీళ్లు వస్తాయి, చెయ్యి మాత్రం ఆగదు. గోళ్లు చెప్పింది. మాగాయ చెప్పింది. బాపు అంగి కూడా చెప్పింది. అత్తయ్య పొలమారేదాకా నవ్వింది.

శ్రీదివ్య రూపాయి బిళ్ల ఫోన్లో నాన్న దగ్గర ఏడ్చింది. ఇక్కడ ఉండలేను నాన్నా, చచ్చిపోతాను. నాన్న మావయ్యగారితో మాట్లాడాడు. అత్తయ్య ఒప్పుకుంది. కూతురి గది ఖాళీగానే ఉందిగా, వచ్చే నెలనుంచి మా ఇంట్లోనే ఉండి బస్సులో వెళ్లొస్తుంది అంది. ఈ ఆదివారం వచ్చి గది చూసుకో అంది.

గది. తలుపున్న గది. ఒక్కదానికే బకెట్టు.

ఆ వారం శ్రీదివ్య ఈగల్ని చూసి నవ్వింది కూడా.

శనివారం వార్డెన్ కొత్త నియమం పెట్టింది. గేటు బయట ఎవరో పిల్లని ఎవరో ఏదో అన్నారట. ఇకమీదట ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు, ఇద్దరైతేనే పంపుతాను. శ్రీదివ్య గది గదికీ తిరిగింది. ఆదివారం పూట ఎవరొస్తారు?

"నేనొస్త తియ్," అంది రోజా. "ఇంటి బువ్వ తినక మస్తు దినాలాయె."

కాదనడానికి శ్రీదివ్యకి ఒక్క అబద్ధమూ దొరకలేదు.

రోజా పొద్దున్నే తయారైంది. పౌడరు రాసుకుంది. కొరికిన గోళ్ల మీద ఎర్రరంగు వేసుకుంది — గోరు ఉన్నంత మేర గోరు మీద, లేనిచోట చర్మం మీద. మేడ్చల్‌లో బస్సు దిగి జామకాయలు కొంది. "వట్టి చేతుల్తోటి ఎట్ల పోతం?" అంది. సెవెన్ సీటర్ ఆటోలో, గండిమైసమ్మ దాకా, ఆ సంచీ ఒళ్లో పెట్టుకుని శ్రీదివ్యకి ఆనుకుని కూర్చుంది. దారిపొడుగునా మాట్లాడింది. శ్రీదివ్య వినలేదు. తను చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

అత్తయ్య గేటు దగ్గరే ఉంది. శ్రీదివ్యని సందులోంచి పంపింది.

"మరి రోజా?"

"ఆ అమ్మాయికెందుకే స్నానం? వరండాలో కూర్చుంటుందిలే."

వేడినీళ్లు. కుంకుడు నురగ. శ్రీదివ్య రుద్దుకుంది. ఎందుకో ఈసారి ఎంత రుద్దినా ఏదో మిగిలినట్టే ఉంది.

గది చూపించింది అత్తయ్య. తెల్లటి గోడలు. కిటికీకి దోమల జాలీ. పరుపు డాబా మీద ఎండలో వేశానంది. సాంబ్రాణి వాసన. ఒక్క ఈగ... ఒక్క ఈగ లేదు. శ్రీదివ్యకి ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

భోజనాల బల్ల మీద ఒక కంచం పెట్టింది అత్తయ్య. గారెలు, పప్పు, వంకాయకూర. వరండాలో, గచ్చు మీద, ఒక విస్తరి వేసింది. కంచాలు లేక కాదు. అద్దాల బీరువానిండా ఉన్నాయి.

రోజా విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. జామకాయల సంచీ ఇంకా పక్కనే ఉంది, ఎవరూ తీసుకోలేదు. అత్తయ్య ఊరడిగింది. చెప్పింది. ఇంటిపేరు అడిగింది. చెప్పింది. ఆ తర్వాత కులాసాగా, ఎప్పుడూ శ్రీదివ్యతో మాట్లాడే గొంతుతోనే, నవ్వుతూ అంది—

"అయితే ఆ రోజావి నువ్వేనన్నమాట. గోళ్లు తినే రోజావి."

శ్రీదివ్య చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఔ ఆంటీ," అంది రోజా నవ్వుతూనే. "నేనే."

"మాగాయ సీసాలో ఎంగిలి చెయ్యి పెట్టిందీ నువ్వేనా? పాపం, ఇది మళ్లీ ముట్టుకుంటే ఒట్టు. అంత అసయ్యం దీనికి."

నవ్వు ఉంది. నవ్వు అలాగే ఉంది రోజా మొహాన. కళ్లలోంచి మాత్రం వెళ్లిపోయింది.

"మీ నాన్న చొక్కా కూడా కోళ్ల వాసనేనటగా," అని అత్తయ్య ఇంకో గారె విస్తట్లో వేసింది. పైనుంచి. విసిరినట్టు కాదు, తగలకుండా.

రోజా గుమ్మంలోంచి లోపలికి చూసింది. శ్రీదివ్యని చూసింది. ఎడంచేతి వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి, ఎర్రరంగు లోపలికి పోయేలా. కుడిచేత్తో గారె తుంచింది. తింది. తింటూనే ఉంది, తల వంచుకుని, ఆపకుండా, పెట్టిందల్లా.

ఛీ.

శ్రీదివ్యకి ఆ మాట లోపలినుంచి వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే. కాని ఈసారి దేనిమీదో తెలియలేదు. ఇంట్లో ఈగ లేదు. జుట్టు లేదు. జిగురు లేదు. అంతా తళతళలాడుతోంది. ఆ తళతళ చూస్తుంటేనే వికారంగా ఉంది. తన మీద కుంకుడు వాసన — అదీ వికారంగానే ఉంది.

కంచం పట్టుకుని లేచింది. గుమ్మం దాకా వచ్చింది. అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

వెనక తెల్లటి గది. ముందు వరండా... పౌడరు, చెమట, ఆ హాస్టల్ గాలి రోజా బట్టల్లో. రోజా అంటే అసయ్యం పోలేదు. ఎక్కడ పోతుంది? ఆ నోట్లో నలిగే మెతుకుల చప్పుడు ఇప్పటికీ పళ్లు జివ్వుమనిపిస్తోంది.

"గడప మీద నిలబడకూడదమ్మా," అంది అత్తయ్య, ఏ ఇంట్లో ఏ పెద్దావిడైనా అన్నట్టే. "లోపలన్నా ఉండు. బయటన్నా ఉండు."

శ్రీదివ్య నిలబడింది.

తర్వాత బయటికి వచ్చింది. గచ్చు మీద, విస్తరికి ఎదురుగా కూర్చుంది. స్నానం చేసిన ఒంటితో, అత్తయ్య కూతురి చుడీదార్‌తో.

అత్తయ్య కాసేపు చూసింది. కోప్పడలేదు. లోపలికి తిరిగి మావయ్యగారిని కేకేసింది.

"ఏవండీ... డాబా మీద పరుపు తీసి అటకెక్కించండి. ఇక అక్కర్లేదులెండి."

అంతే. గది అలా పోయింది. ఒక పరుపు మాటతో.

రోజాకి అర్థమైందో లేదో. తినడం ఆపింది. పప్పు అంటిన చెయ్యి, నోట్లోంచి అప్పుడే వచ్చిన చెయ్యి, నెమ్మదిగా చాపి శ్రీదివ్య కంచంలో పెట్టింది. గారె తీసింది. సగం తుంచి నోట్లో వేసుకుంది. మిగతా సగం మళ్లీ కంచంలోనే పెట్టింది. అప్పుడు తలెత్తింది.

"తిను," అంది. "జూస్త."

ఆ ముక్క మీద వేళ్లు పడ్డ గుంటలు. తడి. ఒక అంచున ఎర్రరంగు పెచ్చు, మిరపగింజంత.

శ్రీదివ్య నోట్లో నీళ్లూరాయి. ఆకలివి కావు. గొంతులోంచి ఏదో పైకి ఎగదన్నింది. కళ్లు మూసుకుంటే సులువు. మూసుకోలేదు. రోజా చూస్తోంది. పెచ్చు తియ్యలేదు. తీస్తే రోజా చూస్తుంది.

నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఒళ్లంతా జలదరించింది. మింగింది.

గారె గొంతు దిగేదాకా రోజా కళ్లార్పలేదు. మింగాక కూడా ఆ మొహం మెత్తబడలేదు. తన విస్తరి వైపు తిరిగి, పప్పూ అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది.

"రేపు గూడ తినాలె," అంది, తలెత్తకుండా.

శ్రీదివ్య తలూపింది. నోరు తెరవలేదు. తెరిస్తే వాంతయ్యేట్టు ఉంది.