బయట తాళం, లోపల వంట

నేను ఒక కరెంటు కుక్కర్ని. మరీ పెద్దదాన్నేం కాదు. నలుగురికి సరిపడా వండగలను, ఐదో మనిషి వస్తే ఎవరో ఒకరు మజ్జిగతో సరిపెట్టుకోవాలి. మూత అంచు ఒకచోట సొట్టపోయింది. ఎర్రలైటు ఒక్కోసారి వెలుగుతుంది, ఒక్కోసారి వెలగదు. ఇప్పుడిక వెలిగినా ఆరినా పట్టించుకునేవాళ్లు లేరనుకోండి, అది వేరే సంగతి.

కోయంబత్తూరు దగ్గర రేకుల షెడ్డులో పుట్టాను. లారీలో చీరాల వచ్చాను. స్టీలు సామాన్ల కొట్లో నన్ను కొన్న పెద్దమనిషి ఒక పెళ్లిలో చదివించాడు. ఆ పెళ్లివారు నా అట్టపెట్టె విప్పనైనా విప్పలేదు. పైన రంగుకాగితం మార్చి ఒక గృహప్రవేశంలో ఇచ్చారు. వాళ్లు ఇంకో కాగితం చుట్టి ఒక షష్టిపూర్తికి మోశారు. అలా ఊరందరి శుభకార్యాలకూ వెళ్లాను, అందరి భోజనాల వాసనా పీల్చాను, ఒక్క బియ్యపు గింజ మాత్రం నా కడుపులో పడలేదు. మనుషులు ఒకరికొకరు ప్రేమగా ఇచ్చుకునే వస్తువులెన్నో ఇలా పెట్టె విప్పకుండానే ముసలివైపోతాయి.

అలా చేతులు మారి మారి వచ్చిన నన్ను చివరికి విప్పింది మాణిక్యాంబ. కుట్టుమిషన్లు బాగుచేసే వీరభద్రం భార్య. ఇంట్లో ఆమెకు గ్యాసుపొయ్యి ఉంది, నాతో పనిలేదు. పెట్టె తెరిచి, నన్ను చేతుల్లో అటూ ఇటూ తిప్పి, "ప్రయాణాలకి పనికొస్తావులే" అంది. ఆమెకు గిన్నెలతో, గరిటెలతో మాట్లాడే అలవాటుంది. ఇంట్లో మిగతావాళ్లు ఆమె మాట వినరని కాదు. గిన్నెలు మధ్యలో లేచిపోవు, అంతే.

వీరభద్రానికి బయటి తిండి పడదు. పెళ్లైన కొత్తలో ఒకసారి ఎక్కడో హోటల్లో తిని వాంతులు చేసుకుంటే, డాక్టరు కొన్నాళ్లు బయట తినొద్దన్నాడు. ఆ కొన్నాళ్లు ఎప్పుడు అయిపోయాయో మళ్లీ వెళ్లి అడిగినవాళ్లు లేరు. ఆ ఇంట్లో సూర్యుడు తూర్పున పొడవడం ఎంత నిజమో, నాన్నకు బయటి తిండి పడకపోవడం అంత నిజం. అందుకని వాళ్లు ఏ ఊరెళ్లినా బట్టల సంచీకన్నా ముందు నన్ను సర్దేవాళ్లు.

అయితే లాడ్జీల్లో గోడమీద "గదులలో వంట చేయరాదు" అని రాసి ఉంటుంది. దానికి విరుగుడు మాణిక్యమే కనిపెట్టింది. అన్నవరంలో అనుకుంటాను, నన్ను తువ్వాల్లోంచి బయటికి తీస్తూ భర్తతో, "మీరు పిల్లల్ని తీసుకుని బయట తాళం వేసుకుని పోండి. గదిలో ఎవరూ లేరనుకుంటారు. వచ్చేలోపు నేను వండేస్తా" అంది. ఆ ఉపాయానికి అందరూ తెగ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ రోజు నుంచీ అదే పద్ధతైపోయింది. వాళ్లు తాళంకప్ప వేసి తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లేవాళ్లు. మాణిక్యం ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుతూ నా పక్కన కింద కూర్చునేది. దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. నా మూత చప్పుడు చేస్తే గుడ్డతో అదిమిపట్టేది. మేమిద్దరం జతగాళ్లైన దొంగలం. అన్నం ఉడికి నా మీట టక్కుమని లేచేసరికి, వాళ్లు కొండెక్కి దిగి, ప్రసాదాలతో వచ్చేసేవాళ్లు. ఆమె దర్శనం ఒక్కోసారి అయ్యేది, ఒక్కోసారి అయ్యేది కాదు. "స్వామి ఎక్కడికీ పోడులే" అనేది. ఆయన పోలేదు, నిజమే.

వాళ్లబ్బాయి చందు పదో తరగతి పాసైన ఎండాకాలంలో హైదరాబాదు అవతల ఉన్న 'వింతలోకం' పార్కుకి వెళ్దామనుకున్నారు. ఎక్కడ దిగాలన్నది పెద్ద చర్చైపోయింది. పార్కు లోపలే ఒక హోటలుంది. బయట హైవే పక్కన లాడ్జీలున్నాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర జరిగిన వాదనంతా అటకమీంచి విన్నాను.

కాలేజీలో చదివే కూతురు నీలవేణి లోపలే ఉందామంది. "గదిలోంచి నడుచుకుంటా పోవచ్చు నాన్నా. అలిసిపోతే వచ్చి కాసేపు పడుకుని మళ్లీ పోవచ్చు. బయటుంటే ఎండలో ఆటోల కోసం చూడాల."

"లోపల వంటకి ఒప్పుకోరంట గదా. సంచులు మిషన్లో పెట్టి మరీ చూస్తారంట. మరి నా కడుపు సంగతేంది?" అన్నాడు వీరభద్రం.

"వాళ్లే పెడతారు నాన్నా. ఇడ్లీ, పెరుగన్నం అన్నీ ఉంటాయంట," అన్నాడు చందు.

"ఏ నూనె పోస్తారో ఎవరు చూడొచ్చారు?"

అప్పుడు మాణిక్యం మజ్జిగ గ్లాసులు పెడుతూ అడిగింది. "అయితే లోపలుంటే నాకు వంట పనే ఉండదా?"

అందరూ ఆమెవైపు చూశారు. పాపం, వంట లేకపోతే ఈవిడకు తోచదు కాబోలు అనుకున్నారు. వీరభద్రం ప్రేమగానే అన్నాడు. "నిన్ను అట్టా ఊరికే కూర్చోబెడతామా మాణిక్యం? బయటే దిగుదాంలే. నీ చేతి అన్నం తింటేనే నాకు ఊరెళ్లినట్టుంటది."

అంత ప్రేమకు ఎదురు చెప్పడం ఆమెకు చేతకాలేదు. "మీ ఇష్టం" అంది. నేను మాత్రం అటకమీద పొంగిపోయాను. నేను లేకుండా వీళ్లకు గడవదు కదా అనుకున్నాను. మర్నాడు నన్ను దించి చింతపండుతో తోముతూ మాణిక్యం, "నువ్వు ఈసారికి ఇంట్లో ఉంటే ఎంత బాగుండేదే" అంది. నాకు చాలా చిన్నతనమనిపించింది. తోముతూనే అసలు సంగతి చెప్పింది. ఆ పార్కులో మంచు ఇల్లు ఒకటి ఉందట. లోపలికెళ్తే పైనుంచి మంచు రాలుతుందట. సినిమా పాటల్లో మంచుమీద పల్చటి చీర కట్టుకుని ఎగిరే హీరోయిన్లను చూసినప్పుడల్లా వీళ్లకు చలెయ్యదా అని ఆమెకు అనుమానం. సముద్రం పక్కన ఉక్కపోతలో పుట్టి పెరిగిన మనిషి. మంచు చేత్తో పట్టుకుంటే ఎట్టా ఉంటదో చూడాలని ఆమె కోరిక. చెబితే ఈ వయసులో ఇదేం సరదా అని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. సంతలో ఒక జత ఉన్ని సాక్సులు కొని నా గిన్నెలో దాచింది.

లాడ్జీలో దిగిన మర్నాడు పొద్దున్నే ముగ్గురూ తయారయ్యారు. మధ్యాహ్నం వచ్చి భోంచేసి, ఎండ తగ్గాక అమ్మను తీసుకుని మళ్లీ వెళ్లాలన్నది ఏర్పాటు. "మంచు ఇల్లు మాత్రం నేనొచ్చాకే చూద్దాం" అంది మాణిక్యం గుమ్మం దగ్గర, చాలా మామూలుగా. "అట్టాగేలే అమ్మా" అన్నాడు చందు. బయట తాళం పడింది.

ఆ రోజు ఆమె వంట చేసిన హుషారు నేనెప్పుడూ చూడలేదు. ముద్దపప్పు వండి గిన్నెలోకి తీసింది. నన్ను కడిగి అన్నం పెట్టింది. గోంగూర పచ్చడి సీసా, నెయ్యి డబ్బా వరసగా పేర్చింది. మధ్యలో గదులు ఊడ్చేవాడు తలుపు కొడితే ఊపిరి బిగబట్టుకుంది. వాడు తాళం చూసి వెళ్లిపోయాడు. తర్వాత స్నానం చేసి ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. సాక్సులు తొడుక్కుని, ఫ్యానైనా వెయ్యని ఆ ఉక్కలో మంచం మీద కాళ్లు చాపుకుని వేళ్లు కదిలించి చూసుకుంది. చిన్నపిల్లలా ఉంది.

ఫోను మోగింది. నీలవేణి.

"అమ్మా, బయటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వరంట. చేతికి కట్టిన పట్టీ తెంపేస్తారంట. లోపలి హోటల్లో దిగినోళ్లకే ఎన్నిసార్లైనా తిరిగే వీలుందంట. మాకేమో ఇంకా సగం కూడా కాలేదు. ఏం చెయ్యమంటావు?"

మాణిక్యం ఏదో అనబోయింది. ఇంతలో ఫోను వీరభద్రం తీసుకున్నాడు. "పోనీ నేనొచ్చి తాళం తీసి నిన్ను తీసుకురానా?"

ఔననవే! ఆ ఒక్కమాట అనవే మహాతల్లీ! నాకే నోరుంటే లాడ్జీ అంతా వినేట్టు అరిచేదాన్ని.

"ఈ ఎండలో మీరెందుకు అంత దూరం? వస్తే మిమ్మల్నీ మళ్లీ లోపలికి రానివ్వరు గదా. నాకు కాస్త తలనొప్పిగా కూడా ఉంది. మరి మీ తిండి?"

"అరటిపళ్లు తింటాలే. నిజంగానే తలనొప్పా?"

"నిజమే. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి."

ఫోను పెట్టేసింది. పక్కగదిలో టీవీ మోగుతోంది. కిందికి ఫోన్ చేసి తలుపు తీయించమని అడగవచ్చు. అడిగితే నేను దొరికిపోతాను, వీరభద్రం నలుగురిలో మాటపడాల్సి వస్తుంది. అందుకని అడగలేదు. అన్నం మూత తీసి చూసి మళ్లీ పెట్టేసింది. తినలేదు. సాక్సులు ఒక్కొక్కటే తీసి, మడిచి, సంచీ అడుగున పెట్టేసింది. అప్పుడు ఏడ్చింది, బయటికి వినపడకుండా. చప్పుడు చెయ్యకుండా ఉండడం ఆ గదుల్లోనే నేర్చుకుంది కదా.

సాయంత్రం తాళం తీసుకుని ముగ్గురూ గోలగోలగా వచ్చారు. ఎండకు మొహాలు కమిలిపోయి ఉన్నాయి. చందు ఆమెకు నీళ్లసీసా ఇచ్చాడు. "నీకోసం మంచు తెచ్చానమ్మా. దారిలో కరిగిపోయింది."

అంటే వాళ్లు చూసేశారన్నమాట. ఆమె సీసా వంచి ఆ నీళ్లు అరచేతిలో పోసుకుంది. "ఇంకా చల్లగానే ఉందిరా" అంది. తర్వాత అందరికీ కంచాలు పెట్టింది. వీరభద్రం ఆవురావురుమంటూ తిని, "ఇదీ అన్నమంటే!" అన్నాడు. ఆమె మొహం చూసి ఏమనుకున్నాడో, "ఈసారి వచ్చినప్పుడు లోపలే దిగుదాంలే" అన్నాడు. నిజాయితీగానే అన్నాడు. ఇలాంటి మాటలు మనుషులు ఎప్పుడూ నిజాయితీగానే అంటారు.

మర్నాటి బండికి చీరాల వచ్చేశారు. వానాకాలం దాటలేదు, ఒక పొద్దున వంటింట్లో కాఫీ కలుపుతూ మాణిక్యం కుప్పకూలిపోయింది. గుండె అన్నారు. నేను అటకమీదున్నాను. గ్లాసు పడ్డ చప్పుడు విన్నాను, అంతే.

ఆ తర్వాత నాకు రోజూ పనే. వీరభద్రం వేలుపెట్టి నీళ్లు కొలవడం నేర్చుకున్నాడు. మొదట్లో అన్నం గంజయ్యేది, తర్వాత పలుకయ్యేది. ఏదైతే అది తినేవాడు. నాతో ఒక్క మాట కూడా మాట్లాడేవాడు కాదు. ఆమె లేని లోటు నాకు తెలిసింది అన్నం మాడినప్పుడు కాదు, ఆ మాటల్లేనప్పుడు.

చందు చదువుకని హాస్టల్లో చేరాడు. నీలవేణి పెళ్లై హైదరాబాదులో కాపురం పెట్టింది. నాన్న ఒంటరిగా కుంగిపోతున్నాడని, తమతోపాటు వింతలోకానికి రమ్మని బలవంతపెట్టింది. ఈసారి లోపలి హోటల్లోనే గదులు తీసుకుంది. వీరభద్రం ఎప్పటిలాగే నన్ను తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. హోటలు గేటు దగ్గర మిషన్లో నేను దొరికిపోయాను. యూనిఫారం వేసుకున్న అమ్మాయి నన్ను తీసి బల్లమీద పెట్టి, "ఇది రూములోకి ఎలౌడ్ కాదు సార్. వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి" అని చేతిలో టోకెను పెట్టింది.

"నాకు బయటి తిండి పడదమ్మా," అన్నాడు వీరభద్రం బతిమాలుతున్నట్టు.

"ఏం కాదు సార్. అందరూ తింటున్నారు కదా."

నన్ను సామాన్ల గదిలో అలమారలో పెట్టారు. చూద్దును కదా, అక్కడ నాలాంటి కుక్కర్లే వరసగా! ఇండక్షన్ పొయ్యిలు, ఆవకాయ జాడీ కూడా ఒకటి. ప్రతి కుక్కరు వెనకా ఒక మాణిక్యం ఉండే ఉంటుంది. వాళ్లంతా ఈపాటికి పార్కులో తిరుగుతూ ఉంటారని తలుచుకుని సంతోషించాను.

వెళ్లే రోజు వీరభద్రం టోకెను పట్టుకుని వచ్చాడు. అమ్మాయి నన్ను తెచ్చి బల్లమీద పెట్టింది. ఆయన నన్ను తాకలేదు. నావైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఉన్నన్నాళ్లూ మీ తిండే తిన్నానమ్మా," అన్నాడు. "మూడు పూటలా."

"థాంక్యూ సార్. బాగుందా సార్?"

"నాకేం కాలేదు."

ఆ అమ్మాయి నవ్వుతూ, "చెప్పాను కదా సార్" అంది.

వీరభద్రం బల్ల అంచు పట్టుకున్నాడు. బయట కారులోంచి నీలవేణి పిలుస్తోంది. ఆయనకు వినపడలేదు.

"ఏమీ కాలేదమ్మా నాకు," అన్నాడు మళ్లీ, ఈసారి ఎవరివో చేతులు పట్టుకుని వేడుకుంటున్నట్టు. "ఏమీ కాలేదు."

టోకెను బల్లమీద పెట్టి, నన్ను తీసుకోకుండా వెళ్లిపోయాడు.