గోతుల పెద్దకి ఇవ్వని రెండు మాటలు

మా ఊరికి మధ్యలో వాగు. ఇవతల ఒడ్డున మేము, అవతల కొండ మీద వాళ్ళు. మేమంటే ఎడారి ఉప్పు తెచ్చి బంగారపు రజను పట్టుకుపోయే వర్తకులం. మాకు మసీదు ఉంది, ఇమాం ఉన్నాడు, ఎండు చేపలు ఆరేసుకోవడానికి మట్టి మిద్దెలున్నాయి. వాళ్ళు బంగారం తవ్వేవాళ్ళు. వాళ్ళకి గోతులున్నాయి, ఆ గోతుల్లో కాపురముండే దేవత ఉంది. ఏటా వానలు వెనకబట్టాక, తవ్వకం మొదలుపెట్టే ముందు, ఆ దేవతకి ఎర్ర కోడిపుంజును కోయాలి. గోతుల పెద్ద తన చేత్తో కోసి, నెత్తురు గోతి అంచున చిలకరించి, తనే మొదట దిగాలి. ఆయన దిగనిదే ఇంకెవడూ దిగడు. బలవంతపెడితే గడ్డపార పారేసి అడవిలోకి పోతాడు.

మాకూ వాళ్ళకీ పేచీలేమీ లేవు. ఉప్పు లేకపోతే వాళ్ళకి సంకటి గొంతు దిగదు. బంగారం లేకపోతే మా గాడిదలకి పనుండదు. మధ్యలో ఫర్బా ఉండేవాడు. ఫర్బా అంటే మన్సా గారు మా ఊరి మీద పెట్టిన అధికారి. మన్సా గారు ఈ రాజ్యానికంతా ప్రభువు, మాలాగే ఐదుపూటలా నమాజు చేసే మనిషి. కానీ ఆయన ఫర్బా ద్వారా మాకు పెట్టిన షరతు ఏమిటంటే, వాగు దాటి వెళ్ళి ఆ తవ్వేవాళ్ళని ఎవరూ నమాజుకి పిలవకూడదు. దక్షిణాన మూడు ఊళ్ళలో పిలిచారు. అక్కడి పెద్దలు కలిమా చదివి, అంటే దేవుడొక్కడే, ప్రవక్త ఆయన పంపినవాడే అన్న రెండు మాటలు పలికి మా మతంలోకి వచ్చి, కోడిని కోయడం మానేశారు. కోడి తెగని గోతిలోకి దిగడానికి ఎవడికీ గుండె చాల్లేదు. రెండేళ్ళలో గోతులన్నీ పూడిపోయాయి, బంగారం ఆగిపోయింది. మన్సా గారికి దేవుడి మీద భక్తి ఎంతో, బంగారం మీదా అంతే.

ఈ షరతు విన్నాక మా ఇమాం నాలుగు రోజులు తిండి మానేశాడు. ఐదో రోజు తిన్నాడు. ఆ తర్వాత ఎవరం దాని ఊసెత్తలేదు.

నా పేరు తెనేన్. మొగుడు పోయాక ఉప్పు వ్యాపారం నేనే చూసుకున్నాను. సోమవారం పుట్టానని ఆ పేరు పెట్టారు. సోమవారం దేవత బయట తిరుగుతుందని కొండవాళ్ళు ఆ రోజు తవ్వరు. అందుకని గోతుల పెద్ద నంకోమా నన్ను ఎక్కడ చూసినా కేకేసేవాడు.

“అదిగోరా, పని చెడగొట్టే రోజు నడిచొస్తోంది! గడ్డపారలు దాచుకోండి!”

“దాచుకో బావా, దాచుకో. బొబ్బర్లు తిని తిని పొట్ట ఉబ్బినవాడివి, నువ్వు గోతిలో పట్టడమే కష్టం, ఇంక తవ్వేదేముంది?”

మా వంశానికీ వాళ్ళ వంశానికీ ఎకసెక్కాల చుట్టరికం. తాతల నాటిది. ఎదురుపడితే తిట్టుకోవాలి, తిడితే కోపం తెచ్చుకోకూడదు. ఒకరు అడిగింది రెండోవారు కాదనకూడదు. ఒకరు పోతే రెండోవారు వచ్చి శవాన్ని కూడా నాలుగు తిట్లు తిట్టాలి, లేకపోతే శవం లేవదు. ఇది మసీదు కన్నా పాతది, మా ఇమాం కూడా దీని జోలికి రాలేదు.

నంకోమాకి ఒక్కతే కూతురు, న్యేలే. ఆ పిల్లని నా కొడుక్కి చేసుకున్నాను. ఫర్బా అడ్డు చెప్పలేదు. బురద కడిగే ఆడవాళ్ళలో ఒక చెయ్యి తగ్గితే బంగారం తగ్గదు కదా. న్యేలే కలిమా చదివి మా ఇంటికొచ్చింది. ఇమాం ఆమె నోట చెప్పిస్తుంటే నంకోమా గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బంగారం లాంటి పిల్ల అనను, బంగారం చూసీ చూసీ నాకు విసుగు. వంట బాగా చేసేది, నవ్వేది, నాకు ఎదురు చెప్పేది. నాకు ప్రాణం. రెండో ఏడు కాన్పులో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. మసీదు వెనక మా శ్మశానంలో, ముఖం మక్కా వైపు తిప్పి పడుకోబెట్టాం. నా కొడుకు ఆ ఏడే బిడారుతో ఉత్తరాదికి పోయి అక్కడే ఉండిపోయాడు.

అప్పట్నుంచీ నంకోమా వాగు దాటి రావడం ఎక్కువైంది. శ్మశానం గోడ బయట కూర్చునేవాడు. లోపలికి వెళ్ళకూడదని ఎవరూ అనలేదు, ఆయనే వెళ్ళేవాడు కాదు. గోతుల్లో తడికి ఊపిరితిత్తులు పాడై దగ్గు పట్టుకుంది. మొదట్లో పొద్దున్న, తర్వాత పొద్దంతా.

తవ్వకం ఇంకో పది రోజుల్లో మొదలవుతుందనగా ఫర్బా మా ఇంటికొచ్చాడు. నేను పెట్టిన చేపల పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుంటూ అసలు సంగతి తీశాడు.

“ఏమమ్మా తెనేన్, మీ వియ్యంకుడు మసీదు గోడ దగ్గరే కాపురం పెట్టాడట?”

“కూతురు అక్కడుంది బాబూ. ఎక్కడ కూర్చోమంటారు?”

“కూర్చోనీ. లేచి లోపలికి రాకుండా చూసుకో. వాడొక్కడు మారితే కొండంతా మారుతుంది. అప్పుడు మన్సా గారి మనుషులు నన్ను అడుగుతారు, నేను నిన్ను అడుగుతాను. ఆ పైన నీ ఉప్పు నువ్వే నాక్కుంటూ కూర్చోవాలి.”

“అదేంటి బాబూ, ఒక మనిషి దేవుణ్ణి తలుచుకుంటే…”

“తలుచుకోమను. మనసులో. కోడి కోశాక.”

పులుసు బాగుందని ఇంకోసారి చెప్పి వెళ్ళిపోయాడు. చెడ్డవాడు కాదు. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధమూ లేదు. నా ఇంట్లో పదకొండు మంది తినేవాళ్ళు, దారిలో నలభై గాడిదల ఉప్పు. నేను భయపడ్డాను. ఇప్పుడు దాచి ఏం చేసుకోను, బాగా భయపడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం నంకోమా వచ్చాడు. తిట్టలేదు.

“మరదలా, నీళ్ళివ్వు.”

ఇచ్చాను. తాగి, దగ్గి, ముంత ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఈ దగ్గు నన్ను మళ్ళీ వానలు చూడనివ్వదు. నాకు తెలుసు. నాకు ఒకటి కావాలి. మన చుట్టరికం మీద ఒట్టేసి అడుగుతున్నా, కాదనకు.”

“ముందు అడుగు. బొబ్బర్లయితే ఇవ్వను.”

నవ్వలేదు. “ఆ ఇమాం చెబుతుంటే విన్నా. మీ మాటలు చదివినవాళ్ళు పోయాక ఒక చోటికి పోతారట, చదవనివాళ్ళు ఇంకో చోటికట. నా న్యేలే ఆ చోట ఉంది. నేను ఇటు పోతే దాన్ని మళ్ళీ చూడను కదా?”

నేను ముంత కోసం చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు.

“ఆ రెండు మాటలు నాకు ఇప్పించు,” అన్నాడు.

“ఇప్పించడమేంటి బావా?”

“గోతి పెద్ద చెయ్యి పెట్టందే గడ్డపార దిగదు. దేనికైనా ఒక పెద్ద ఉంటాడు, ఆయన ఇస్తేనే మనది. అడక్కుండా తీసుకుంటే దొంగతనం. ఆ మాటలు రోజుకి ఐదుసార్లు మసీదు మిద్దె మీంచి వినబడతాయి, నలభై ఏళ్ళుగా వింటున్నా. నోటికొచ్చు. అయినా అవి మీవి. మీ పెద్ద ఇవ్వాలి. న్యేలేకి ఇచ్చాడు, నా కళ్ళతో చూశా. ఇమాముని నేనడిగితే ఫర్బాకి భయపడతాడు. నువ్వడిగితే ఇస్తాడు.”

ఆ మాటలు ఎవరూ ఇవ్వక్కర్లేదు. ఈ సంగతి మా ఇళ్ళలో నడక నేర్చుకుంటున్న పిల్లలకి కూడా తెలుసు. మనిషి నిజంగా నమ్మి తన నోటితో తను అనుకుంటే చాలు, పక్కన పిల్లి ఉన్నా లేకపోయినా ఒకటే. ‘పిచ్చి బావా, ఇంటికి పోయి అనుకో, అయిపోయింది’ అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఆ ముక్క నా నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే కోడి గుర్తొచ్చింది. ఈ మనిషి ఆ మాటలు అన్నాడంటే ఇంక కోడిని కోయడు. నాకు బాగా తెలుసు, ఒకటి నమ్మి ఇంకోటి చేసే రకం కాదు. అలా చేసేది మేమే.

“ఈ తవ్వకం అవనీ బావా,” అన్నాను. “అయ్యాక నేనే ఇమాముని తీసుకొస్తా. దగ్గరుండి ఇప్పిస్తా.”

“ఇప్పుడు కాదా?”

“ఇప్పుడు కాదు. కాదనలేదు కదా, అయ్యాక అన్నాను.”

నా ముఖంలోకి చూశాడు. నేను ముంత తీసుకుని లోపలికి పోయాను. తిరిగొచ్చేసరికి లేచి నిలబడి ఉన్నాడు.

“సరే. సోమవారం దాని మాట నమ్ముతున్నా, చూడు నా ఖర్మ!” అని అప్పుడు నవ్వాడు.

తొమ్మిది రోజులకి కోడిని కోశాడు. నేను వాగు ఇవతల నుంచి చూశాను. నెత్తురు చిలకరించి, తాడు పట్టుకుని దిగాడు. దగ్గు పైకి వినబడింది. ఆయన వెనక మూడు వందల మంది దిగారు. ఆ ఏడు బంగారం దండిగా పడింది. నా ఉప్పంతా చెల్లిపోయింది. ఫర్బా మసీదుకి కొత్త వరండా కట్టించాడు. ఇమాం ఆయన్ని దీవించాడు.

తవ్వకం ముగియడానికి ఇంకా నెల్లాళ్ళు ఉందనగా నంకోమా పోయాడు. పొద్దున్నే కబురొచ్చింది. కొండ ఎక్కి వెళ్ళాను. ఇంటి ముందు చాప మీద పడుకోబెట్టారు, తల కింద గడ్డపార పెట్టారు. జనమంతా నాకోసం చూస్తున్నారు. నేను తిట్టాలి, అప్పుడు శవం లేపాలి.

నంకోమా మేనల్లుడు త్యెమోకో నా దగ్గరికొచ్చాడు. ఇంక గోతుల పెద్ద అతనే.

“అత్తా, ఒకటి అడగాలి. నీకేమన్నా తెలుసేమో.”

“ఏంటి?”

“మీ మసీదు నుంచి అజాన్ పిలుపు వినబడినప్పుడల్లా మామయ్య గోతి అంచుకొచ్చి నిలబడేవాడు. పెదాలు కదిపేవాడు, శబ్దం బయటికి రానిచ్చేవాడు కాదు. ఏంటి మామా, చదువుతున్నావా అని అడిగితే, ‘లేదురా, అవి ఇంకా నాకివ్వలేదు. ఇచ్చిన రోజు తప్పు పోకూడదు కదా, నేర్చుకుంటున్నా’ అనేవాడు. రాత్రి ఊపిరాడనప్పుడు కూడా, నేను పలుకుతా, నా వెనక అను మామా అన్నా. తల అడ్డంగా ఊపాడు. ‘మరదలు తీసుకొస్తానంది’ అన్నాడు. ఏం తీసుకురావాలి అత్తా?”

నేను చాప దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ముసలాళ్ళు కోలా గింజలు వక్కల్లా నములుతూ ఎదురుచూస్తున్నారు. నలభై ఏళ్ళుగా నోటికొచ్చిన తిట్లలో ఒక్కటీ రాలేదు.

“కానీయమ్మా, ఎండెక్కుతోంది,” అన్నాడు ఎవరో.

“ఒరే బొబ్బర్లు మింగేవాడా!” అని అరిచాను. “మా ఒడ్డున ఇంతమంది ఉండగా నీకు నేనే దొరికానట్రా? మూడు వందల మందిని గోతిలోకి దింపి పైకి తెచ్చినవాడివి, ఒక్క ఆడది అబద్ధమాడితే కనిపెట్టలేకపోయావా? సోమవారం దాన్ని నమ్మి ఎవడైనా బాగుపడ్డాడురా? సిగ్గులేనివాడా, నా మాట నమ్మి చచ్చావు కదరా!”

అందరూ పగలబడి నవ్వారు. బాగా తిట్టానన్నారు. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ, ఇంత మంచి తిట్లు తన చావుకి కూడా కావాలన్నాడు. త్యెమోకో ఒక్కడే నవ్వకుండా నన్నే చూశాడు.

శవాన్ని లేపారు. కొండ వెనక, వాళ్ళ పద్ధతిలో, ముఖం గోతుల వైపు తిప్పి పాతిపెట్టారు.