తొమ్మిది ఓట్ల తేడా

"టీ పెట్టమ్మా, చరిత్ర మొదలైంది," అంది అత్తయ్య కోడలితో, ఉల్లిపాయల బుట్ట దగ్గరికి లాక్కుంటూ.

చరిత్ర అంటే మామయ్య చెప్పే నియోజకవర్గం చరిత్ర. వరండాలో నలుగురు మగవాళ్లు కుదురుగా కూర్చున్నారంటే చాలు, ఆయన గొంతు సవరించుకుంటాడు. మొదటి ఎన్నికలో పోటీ అన్నదే లేకుండా మిల్లు యజమాని దర్జాగా పార్లమెంటుకి వెళ్లిపోవడం, తర్వాత సరిహద్దులు మార్చి ఏటి అవతలి ఊళ్లు తెచ్చి కలపడం, ఉప ఎన్నికలో అన్నదమ్ములిద్దరూ చెరో పక్క నిలబడి ఓట్లు చీల్చుకుని డిపాజిట్లు పోగొట్టుకోవడం, అన్నీ కళ్లకు కట్టినట్టు చెబుతాడు. తను నిలబడ్డ ఎన్నిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు బొంగురుపోతుంది. తొమ్మిదే తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు! ఒకసారి ఆ రోజు వాన పడిందంటాడు. ఇంకోసారి సొంతవాళ్లే వెన్నుపోటు పొడిచారంటాడు. ఆ తొమ్మిది మంది ఎవరై ఉంటారా అని ముప్పై ఏళ్లుగా ఎదురొచ్చిన ప్రతి మొహంలోనూ వెతుక్కుంటూనే ఉన్నాడు పాపం.

ఇప్పుడు ఆయన కొడుకు నిలబడ్డాడు. రేపే పోలింగ్. కోడలు తను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి కూర్చుంది. "నీ సెలవులు ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు పనికొస్తాయి?" అన్నాడు మొగుడు. ఆ సెలవులన్నీ పొయ్యి దగ్గరే కరిగిపోయాయి. ఓటు హక్కు గురించి క్లాసులో గొంతు చించుకునే మనిషి, రేపు తను ఎప్పుడు వెళ్లి ఓటేసి రావాలో తేల్చుకోలేకపోతోంది. వచ్చేపోయే కార్యకర్తలకి అన్నాలు పెట్టాలి, టీలు అందించాలి. ఎటు చూసినా ఊపిరి సలిపే వేళ కనబడలేదు.

"అత్తయ్యా, మామయ్య నిలబడ్డప్పుడు మీరు ఎప్పుడు వెళ్లి వేసొచ్చారు?" అని అడిగింది.

అత్తయ్య చేతిలో కత్తి ఆగింది. వరండా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మనకెక్కడ కుదిరిందమ్మా? మా అత్తగారు, తోడికోడళ్లు, ఆడపడుచులు, ఇరుగుపొరుగు, నాతో కలిపి పన్నెండు మందిమి వంటలో దిగాం. ఇదిగో వెళ్దాం, అదిగో వెళ్దాం అనుకుంటూనే ఉన్నాం. చేతులు కడుక్కునేసరికి అక్కడ తలుపులు మూసేశారు."

పన్నెండు మంది.

"ఆయనకి చెప్పలేదు. అప్పుడు మనిషి నిద్రాహారాలు మానేశాడు, ఏమని చెప్పను? నా వల్లే ఓడిపోయాడని లోపల్లోపలే ఏడ్చుకున్నాను. నువ్వూ అనకు తల్లీ."

కోడలికి అప్పటికప్పుడే వరండాలోకి వెళ్లి ఆ చరిత్ర నోరు మూయించాలనిపించింది. కానీ ఉల్లిపాయ తొక్కలు ఏరుతున్న ఆ ముసలి చేతుల్ని చూసి ఆగిపోయింది. ముప్పై ఏళ్లు ఒక్కత్తే మోసింది ఈవిడ. ఓడిపోయినందుకు ఆయన్ని ఓదార్చింది, ఓడించానని తనని తను తిట్టుకుంది, మధ్యలో టీలు పెట్టింది.

"అందరికీ అన్నం పెట్టడం తప్పెలా అవుతుంది అత్తయ్యా?"

"ఏమో. ఈసారైనా వెయ్యాలనుంది. మళ్లీ ఎన్నికలదాకా ఉంటానో లేదో."

ఏం చెయ్యాలో కోడలికి తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే కార్యకర్తలు గుమిగూడే వేళకి స్టవ్ ఆర్పేసి, అత్తయ్య చెయ్యి పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"ఇప్పుడెక్కడికి?" అన్నాడు మొగుడు.

"ఓటెయ్యడానికి."

"ఇంతమంది ఆకలితో ఉన్నారు, సాయంత్రం వెళ్దురుగాని. మీ ఇద్దరి ఓట్లతో తారుమారయ్యేదేముంది?"

"ఆ మాట ఈ ఇంట్లో అనకురా," కుర్చీలోంచి కసిరాడు మామయ్య. "తొమ్మిదంటే తొమ్మిది ఓట్లతో..." అంటూనే ఆగిపోయాడు. పెళ్లాం మొహంలోకి చూశాడు. "అవునూ, ఆ రోజు నువ్వెప్పుడు వేశావు?"

అత్తయ్య తల దించుకుంది. "అన్నం వార్చేసరికి పొద్దుపోయింది."

"మా అమ్మ?"

"నా పక్కనే ఉంది."

"అక్కయ్యలు?"

"కూరలు తరుగుతున్నారు."

ఆయన ఒక్కొక్కరినీ అడుగుతూ వేళ్లు ముడుస్తున్నాడు. రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి. చివరికి ఆయన కుర్చీలోంచి లేచాడు. "మీరు వెళ్లిరండి. టీ నేను పెడతాను."

"మీకు స్టవ్ వెలిగించడం వచ్చా నాన్నా?" అన్నాడు కొడుకు.

"రాదు. నువ్వు చూపించు."

"నాకూ రాదు."

"అయితే ఇద్దరం నేర్చుకుందాం, పద."

క్యూలో అత్తయ్య కోడలి చెయ్యి వదల్లేదు. తీరా లోపలికి వెళ్లాక మాత్రం ఎంతకీ బయటికి రాలేదు. కోడలికి కంగారు పుట్టింది. తన వంతు వచ్చాక తెలిసింది ఎందుకో. ఓటింగ్ మిషన్ ముందు అట్ట చాటున నిలబడితే ఎవరూ కనబడరు. టీ ఏదీ అని ఎవరూ పిలవరు. మొగుడి పేరు అన్ని పేర్లలో ఒకటిగా, ఒద్దికగా ఉంది. ఆ పేరుని మొదటిసారి తీరిగ్గా చూసింది, ఆలోచించింది. అలా ఆలోచించనిచ్చిన ఆ ఇరుకు చోటు ఆమెకి ఎంతో ముద్దొచ్చింది.

"ఎవరికేశారు అత్తయ్యా?" దారిలో నవ్వుతూ అడిగింది.

"చెప్పకూడదన్నారుగా," అంది అత్తయ్య, సిరా వేలిని చూసుకుని మురిసిపోతూ.

ఇంటికొచ్చేసరికి కార్యకర్తలు చేదెక్కిన టీని మొహమాటంగా మింగుతున్నారు. మామయ్య చరిత్ర చెబుతున్నాడు. ఈసారి గొంతు బొంగురుపోలేదు.

"వానా కాదు, వెన్నుపోటూ కాదు. ఊళ్లో ప్రతి గడపా ఎక్కి ఓటడిగాను. నా వంటింటి గడప దగ్గర మాత్రం అన్నమే అడిగాను. అక్కడున్న పన్నెండు ఓట్లూ నావి. చేతులారా పోగొట్టుకున్నాను."

అత్తయ్య కోడలి చెయ్యి వదిలి ఆయన ముందుకు వెళ్లింది. చేతిలోని గ్లాసు అందుకుని, ఆయన చొక్కా మీద ఒలికిన టీని కొంగుతో తుడిచింది.

"అవి మీవని ఎవరు చెప్పారు?" అంది మెల్లగా.