కాళ్లు కడిగిన నీళ్లు

స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని రాసి ఉంటుంది గానీ, మేమంతా మానుకోట అనే అంటాం. మా గల్లీ పట్టాల పక్కనే. పెద్ద పెద్ద టేకు తలుపులు, ఇంటింటికీ అరుగులు, మధ్యలో బండలు పరిచిన సన్న దారి. చూడ్డానికి బాగానే ఉంటుంది. అరుగు మీద కుట్టుమిషను వేసుకుని కూర్చునే నాకు ఆ గల్లీలో ఎప్పుడూ కనిపించనిది ఒక్కటే, నీళ్లొచ్చే నల్లా.

ట్యాంకర్ వారానికోసారి వస్తే వచ్చినట్టు. మిగతా రోజులు పట్టాలు దాటి అవతలి బోరింగు దగ్గరికి పోవాలి. గూడ్సు బండి అడ్డంగా నిలబడితే బిందెను ముందుకు నెట్టి, వెనకాల మేం బండి కింద నుంచి దూరాలి. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న ఓ ఎండాకాలం, ఇలా బతికే మా దగ్గరికి కోస్తా నుంచి పత్రికవాళ్లు వస్తున్నారన్నారు. మేం నిజంగా వెనకబడ్డామో లేదో వీధి వీధీ తిరిగి చూసి రాస్తారట. అదేం వింతో!

ఉద్యమంలో తిరిగే ఆటో వెంకన్న ఆ మాట మోసుకొచ్చాడు.

"సరోజనక్కా, గల్లీకి నల్లా రావాలంటే గిదే మంచి మోకా. పేపర్ల పడితె పెద్దసార్లు కదుల్తరు. ఖాళీ బిందెలన్నీ అరుగుల మీద పెట్టుండ్రి. ఊడ్వకుండ్రి, సాన్పి జల్లకుండ్రి. ఉన్నది ఉన్నట్టు చూడనీ."

మంచి మాటే. కానీ ఎదురింటి కట్టమ్మవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

"నీ నోట్ల మన్నువడ! మనుషులొచ్చేటప్పుడు ఇంటి ముంగట ఖాళీ బిందె పెడ్తర్రా ఎవలన్న? సాన్పి జల్లని వాకిట్ల అడుగు పెట్టుమంటవా?"

"వాళ్లు చుట్టాలు గాదవ్వా, పేపరోళ్లు."

"గడప దాక వచ్చినంక ఎవలైనా చుట్టాలే."

ఇంక ఆమె మాట దాటేదెవరు? ముందురోజే వచ్చిన ట్యాంకర్ నీళ్లతో గల్లీ అంతా బండలు కడిగి, పేడనీళ్లు కలిపి వాకిళ్లలో సాన్పి చల్లి ముగ్గులేశాం. ఖాళీ బిందెలన్నీ మంచాల కింద దాచాం.

ముగ్గురు వచ్చారు. కళ్లద్దాలాయన గల్లీ మొదట్లోనే ఆగిపోయి, "అబ్బ! ఎంత చల్లగా ఉందండీ ఈ వీధి! ఆ బండలు చూడండి, ఎలా మెరుస్తున్నాయో" అన్నాడు. మెరవవా మరి, మా వారం నీళ్లు వాటి మీద పోశాం. తలుపులకు ఫోటోలు తీశారు. అరుగుల మీద కూర్చుని తీయించుకున్నారు.

నేను ఉండబట్టలేక ముందుకొచ్చాను. "సారూ, మాకు నీళ్లు లెవ్వు. రైలుబండి కింద దూరి తెచ్చుకుంటున్నం" అన్నాను. వెంట ఉన్నావిడ కిసుక్కున నవ్వింది. "లెవ్వు అంట! అచ్చం సినిమాల్లో లాగే మాట్లాడుతున్నారు వీళ్లు" అంది. నా ఒళ్లు మండిపోయింది. నేను ఇంకో మాట అనేలోపు కట్టమ్మవ్వ పెద్ద చెంబుతో వచ్చింది.

"ముందుగాల కాళ్లు కడుక్కోండ్రి బిడ్డా, ఎండల వడి వచ్చిండ్రు" అంటూ వాళ్ల కాళ్ల మీద ధారగా పోసింది. ఫోటో తీశారు. నీళ్లు లేవన్న నేను వాళ్ల ముందు అబద్ధాలకోరులా నిలబడ్డాను.

సాయంత్రానికి అవ్వ ఇంట్లో చుక్క లేదు. బిందె పట్టుకుని పట్టాల దగ్గరికి పోయింది. గూడ్సు నిలబడి ఉంది. బిందె అవతలికి చేరింది గానీ ఆమె చేరేలోపే బండి కదిలింది. దవాఖానలో ఎడమకాలు మోకాలి కింది నుంచి తీసేశారు.

తర్వాత వచ్చిన ఆదివారం పేపర్లో సగం పేజీ మా గల్లీయే. తడిసిన బండలు, ముగ్గులు, చెంబు వంచి నవ్వుతున్న కట్టమ్మవ్వ. కింద ఏం రాశారో తెలుసా? వెనకబాటు ఎక్కడుందా అని వెతుకుతూ పోతే, వచ్చినవాళ్ల కాళ్లు కడిగే చల్లని వీధి దొరికిందట! నేనూ వెంకన్నా నల్లా అడగడానికి పోతే ఆఫీసులో సారు ఆ పేజీనే మా ముందు పరిచాడు. "గిన్ని నీళ్లున్న గల్లీకి నల్లా ఎందుకమ్మా?" అన్నాడు. వెంకన్న లేచి బయటికి నడిచాడు.

అవ్వకు ఆ ఫోటో చూపిస్తే ఏడవలేదు. "మంచిగనే దిగిన. కాలు గూడ ఫోటోల పడ్డది" అంది. నేనే ఇంటికొచ్చి తల కొట్టుకుని ఏడ్చాను.

మరుసటేడు తెలంగాణ కోసం జరిగిన సమ్మె రోజుల్లో మళ్లీ ఎవరో కెమెరాలతో వచ్చారు. నేను అరుగు మీద జాకెట్ కుడుతున్నాను.

"అమ్మా, కొంచెం మంచినీళ్లిస్తారా?"

లోపల బిందె నిండుగానే ఉంది.

"లెవ్వు" అన్నాను.

ఎదురింట్లో మంచం మీది నుంచి కట్టమ్మవ్వ అరిచింది. "ఏందే సరోజనా, నీళ్లడుగుతుంటె కూసున్నవు? మా ఇంట్ల ఉన్నయి, ముంచియ్యి!"

ఆమె ఇంట్లో ఉన్నవీ బండి కింద దూరి నేను తెచ్చి పోసినవే. లేవలేదు. మిషను తొక్కుతూనే ఉన్నాను. వాళ్లు కాసేపు చూసి, "పాత ఊరే గానీ మనుషులకు మర్యాద తెలీదండి" అనుకుంటూ వెళ్లిపోయారు.

ఆ మాట అవ్వకూ వినబడింది. చెంబు ఒళ్లో పెట్టుకుని, చేతుల మీద జరుగుతూ గడప దాకా వచ్చింది. "బిడ్డా, జర ఆగుండ్రి!" అని పిలిచింది. అప్పటికే వాళ్లు మలుపు తిరిగారు. ఆమె నా వైపు చూసింది. కాలు పోయిన రోజున కూడా ఆ కళ్లలో నీళ్లు నేను చూడలేదు.

"కాలు పోతె పోయిందనుకున్న. గల్లీ ఇజ్జత్ తీస్తివి గదనే, సరోజనా" అంది.