ఫిబీ కొలకర్ర

కర్రల కట్ట బల్ల మీద పడగానే కెజయా కుట్టుపని వదిలి దాని మీదికి వంగింది. కట్టిన తాడుకు వేలాడుతున్న చెక్కబిళ్ల మీద రాన్సమ్ దొర తోట గుర్తు ఉంది. తొమ్మిదేళ్ల కింద ఆమె పారిపోయి వచ్చింది ఆ తోట నుంచే.

దక్షిణాన ఉన్న కరోలినా తోటల నుంచి ఇలాంటి కట్టలు ఏటా వస్తాయి. ఒక్కో బానిసను గోడ దగ్గర నిలబెట్టి, మడమలు ఆనించమని, చేతులు దించమని చెప్పి, భుజం ఎత్తుకు కర్ర నరుకుతారు. ఆ కొలతకు ఉత్తరాన రోడ్ ఐలాండ్‌లోని ఈ మిల్లు ముతక ఉన్నిబట్ట నేసి, గౌన్లూ చొక్కాలూ కుట్టి ఓడకెక్కిస్తుంది. యజమాని జాబెజ్ టిల్లీ ఆదివారం ప్రార్థనలో బానిసత్వం మహాపాపమని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. సోమవారం పొద్దున్నే వచ్చి మగ్గాలు తిప్పిస్తాడు. పాపం, ఆయన వారంలో ఆ రెండు రోజులూ ఒకదానికొకటి ఎన్నడూ ఎదురుపడలేదు.

పక్కన కూర్చుని కుట్టే మెహిటబెల్ కర్రల మీది పేర్లు చదువుతూ అందరికీ పంచుతోంది. కుట్టుగదిలో కెజయా గుట్టు తెలిసింది ఆమె ఒక్కదానికే. వచ్చే నెల ఇద్దరూ మిల్లు మానేసి బోస్టన్‌లో ఉన్న మెహిటబెల్ చెల్లెలి దుకాణంలో చేరాలని అనుకున్నారు. టిల్లీకి చెప్పేశారు కూడా.

"ఫిబీ" అని చదివింది మెహిటబెల్.

కెజయా చెయ్యి చాచింది. అమ్మ కర్ర. నేల మీద నిలబెట్టి తన ఒంటికి ఆనించి చూసుకుంటే చంకదాకా కూడా రాలేదు. ఒకప్పుడు అమ్మ భుజం అందుకోవడానికి తను మునివేళ్ల మీద నిలబడేది. అంత మనిషి ఇంతగా ఎలా వంగిపోయింది?

"ఏడవకే తల్లీ, ఎవరన్నా చూస్తారు" అంది మెహిటబెల్ గొంతు తగ్గించి.

ఆ గౌను కెజయా రెండు రోజులు కుట్టింది. ముతక ఉన్ని మెడను ఒరిసి పుండు చేస్తుందని చిన్నప్పుడు అమ్మ ఆమె బట్టల మెడపట్టీ విప్పి, కుట్టు అంచు బయటికి మడిచి మళ్లీ కుట్టేది. ఇప్పుడు ఆమె చేతులు అదే పని చేశాయి. ముప్పని తెలుసు. అయినా అమ్మ వేళ్లు ఆ అంచును తడిమితే కూతురు బతికే ఉందని తెలుస్తుంది. ఆ ఆశ ముందు భయం ఓడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం టిల్లీ ఒక అతిథిని వెంటబెట్టుకుని వచ్చాడు. అతిథి గొంతు వినగానే కెజయాకు తెలిసిపోయింది. రాన్సమ్ దొర! ఆమె పారిపోయినప్పుడు పద్నాలుగేళ్ల పిల్ల, ముఖం గుర్తుపట్టకపోవచ్చు. తల వంచి కత్తెర పట్టుకుంది.

దొర కుట్టిన బట్టల దొంతరలో చెయ్యి పెట్టి గౌను ఒకటి లాగాడు.

"ఇదేంటయ్యా టిల్లీ, మెడ తిరగేసి కుట్టారు? మా దగ్గర ముసల్ది ఫిబీ ఒక్కతే ఇలా కుడుతుంది. దానికో కూతురుండేది, పారిపోయింది. ఎవరు కుట్టారిది?"

మెహిటబెల్ బల్ల కింద కెజయా కాలు తొక్కిపట్టింది. ఒక్క మాట బయటపడితే చాలు, బానిసత్వం లేని ఈ రాష్ట్రంలోనైనా పారిపోయిన బానిసను సంకెళ్లు వేసి తీసుకుపోవడానికి చట్టం ఉంది. కెజయా చేతిలో కత్తెర టకటకమని బల్లకు కొట్టుకుంది. టిల్లీ ఆ కత్తెరను చూశాడు. ఆ తర్వాత ఆమె ముఖం చూశాడు.

"నేనే అలా కుట్టమని చెప్పానండీ" అన్నాడు నవ్వుతూ. "మెడ ఒరుసుకోకపోతే పని ఎక్కువ చేస్తారు కదా!"

"అబ్బో, వాళ్ల మెడల గురించి మాకంటే నీకే బెంగ ఎక్కువున్నట్టుందే! మాకొద్దయ్యా ఈ గారాబాలు. మామూలుగానే కుట్టించు."

దొర భోజనానికి వెళ్లాక టిల్లీ ఒక్కడే తిరిగి వచ్చాడు. కెజయా గుండె నిండా కృతజ్ఞతతో లేచి నిలబడింది.

"అయ్యగారూ, మీ మేలు..."

"దానిదేముందమ్మాయ్. ముందు ఆ కుట్టు విప్పేసెయ్." ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "బోస్టన్ సంగతి మర్చిపో. బయట రోజులు బాగోలేవు. ఇక్కడైతే నేనున్నాను, నీ మాట నా నోటి నుంచి రాదు. నువ్వు ఇక్కడ ఉన్నన్నాళ్లూ."

మెహిటబెల్ ఏదో అనబోయింది. ఆయన అటు చూడలేదు. బల్ల మీది కర్రల్లోంచి ఒక పొడుగు కర్ర ఏరి తీశాడు.

"చలికాలం వస్తోంది, నీ ఒంటి మీద సరైన గౌనే లేదు. మన మిల్లు బట్టలోనే ఒకటి కుట్టుకో. ఏదీ, నిలబడు, కొలత చూద్దాం."

కెజయా వద్దని చెప్పాలనుకుంది. అప్పటికే ఆమె మడమలు వెనక్కి జరిగి గోడకు ఆనాయి, చేతులు వాటంతటవే కిందికి దిగాయి.