మువ్వ మోగకపోతే

మా పిల్ల పాకడం నేర్చిన రోజు ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. మర్నాటి నుంచి ఎవరికీ కూర్చునే యోగం లేదు. పడుకోబెట్టిన చోట పడి ఉండే పిల్ల కాస్తా రెప్ప వేసేలోగా బల్ల కిందికి, అక్కణ్ణించి తలుపు సందులోకి. పిడుగు అనే పేరు అప్పుడే స్థిరపడింది. సాయంత్రానికి నుదుటి మీద ఒక బొప్పి, దాని పక్కనే ఇంకోటి. మా ఆయన ఏసీ మెకానిక్కు. గొట్టాలకు తొడిగే నల్ల స్పాంజి తెచ్చి బల్ల అంచులకీ మంచం కోళ్లకీ టేపు వేసి చుట్టేశాడు. పిడుగు మాత్రం స్పాంజి లేని చోటు వెతుక్కుని మరీ గుద్దుకునేది.

మా అత్తయ్య వైద్యం వేరు. పిల్ల ఎక్కడ గుద్దుకుంటే అక్కడికి పరుగెత్తి, ఆ గోడనో గడపనో అరచేత్తో ఠపీమని కొట్టేది. "కొట్టేశాంలే తల్లీ, మళ్లీ నీ జోలికి రాదు" అనేది. పిల్ల ఏడుపు మానేసి, దెబ్బ తిన్న గోడ వైపు తృప్తిగా చూసేది. నాకు ఒళ్లు మండేది. గోడను కొడితే బొప్పి తగ్గుతుందా అని అడిగితే, ఏడుపు తగ్గింది కదా అంది.

నాకసలు నిలకడ పోయింది. నేను బట్టలు కుడతాను. వెలుతురు కోసం మిషను కిటికీ వైపు పెట్టుకున్నాం కాబట్టి పిల్ల ఎప్పుడూ నా వీపు వెనకే. నాలుగు కుట్లు వేయడం, తిరిగి చూడటం, మళ్లీ నాలుగు కుట్లు. మోటారు చప్పుడులో ఏదీ సరిగా వినపడి చావదు. ఒక చొక్కాకి కుడి చెయ్యి ఎడమకీ, ఎడమది కుడికీ కుట్టి, మొత్తం విప్పుకుని కూర్చున్నాను.

అప్పుడు తట్టింది ఉపాయం. ఏదో బడి నాటకానికి దుస్తులు కుట్టినప్పుడు మిగిలిన మువ్వలు డబ్బాలో ఉన్నాయి. పిడుగు మేజోళ్లకి చెరో రెండు కుట్టేశాను. ఆ సన్నని మోత మోటారు చప్పుడును కూడా దాటుకుని వచ్చేది. మోగితే తిరిగి చూస్తాను. మోగకపోతే పిల్ల కదల్లేదు, కదలకపోతే దెబ్బ తగలదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ వారమే వీధి చివరి ఆరోగ్య కేంద్రంలో తల్లిదండ్రులకు ప్రథమ చికిత్స నేర్పుతున్నారంటే ఇద్దరం వెళ్లాం. బొప్పి సంగతి నర్సమ్మ రెండు ముక్కల్లో తేల్చేసింది. చల్లటి తడిగుడ్డ అద్దండి, వాంతులైనా మగతగా ఉన్నా వెంటనే తీసుకురండి అంది. ఆ తర్వాత గొంతుకి ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలో చూపించింది. రబ్బరు బొమ్మను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, దవడ పట్టుకుని, తల కిందికి వంచి, భుజాల మధ్య అరచేతి కింది భాగంతో అయిదు దెబ్బలు. అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము నడిమధ్య రెండు వేళ్లతో అయిదుసార్లు నొక్కాలి. కనపడనిదాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు.

నా వంతు వచ్చింది. బొమ్మ వీపు మీద కొట్టాను.

"జోకొట్టకమ్మా, కొట్టు" అంది నర్సమ్మ.

అందరూ నవ్వారు. రెండోసారీ జోకొట్టినట్టే ఉందట. బయల్దేరేటప్పుడు ఆవిడ ఇంకో మాట చెప్పింది. ఏడ్చే పిల్లకి ఊపిరి ఆడుతున్నట్టే, చప్పుడు లేని పిల్ల దగ్గరికే ముందు పరుగెత్తండి అని. బుద్ధిగా తల ఊపాను. ఇంటికొచ్చి, మువ్వలు మోగనప్పుడల్లా నిశ్చింతగా కుట్టుకున్నాను. చెవిన పడ్డది బుర్రకెక్కితే కదా.

ఒక రోజు చేతిలో తొందర పని ఉంది. అత్తయ్య వంటింట్లో ఉంది. మువ్వలు ఘల్లుఘల్లుమంటూ మంచం దాకా వెళ్లి, ఆగాయి. హమ్మయ్య, అలిసిపోయింది అనుకుని కాలరు మొత్తం వెనక్కి చూడకుండా కుట్టేశాను. అప్పటికీ చప్పుడు లేదు. నా బంగారం ఎంత బుద్ధిగా కూర్చుందో అని ముచ్చటపడుతూ తిరిగాను.

పిడుగు మంచం పక్కన కూర్చుని ఉంది. నోరు తెరుచుకుని ఉంది. ముఖం ఏడుస్తోంది, గొంతు ఏడవడం లేదు. పెదవులు నీలంగా మారుతున్నాయి. ఊడిన మేజోడు ఒళ్లో ఉంది. దానికి ఒక్క మువ్వే ఉంది.

ఎలా ఎత్తుకున్నానో తెలియదు. నా కేక విని వచ్చిన అత్తయ్య వేలు పెట్టి తీయబోయింది. వద్దన్నాను, అంబులెన్సుకి ఫోన్ చేయమన్నాను. ముంజేతి మీద బోర్లా వేసి కొట్టాను. అది జోకొట్టడమే, నాకే తెలిసిపోయింది. నా చెయ్యి నా బిడ్డను కొట్టనంటోంది. పళ్లు బిగించి మళ్లీ కొట్టాను. ఈసారి ఆ చిన్న వీపు అదిరింది. ఇంకోటి. ఇంకోటి. ఏదో టక్కుమని నేల మీద పడి, ఘల్లుమంటూ దొర్లి మంచం కిందికి పోయింది.

పిడుగు వీధంతా వినపడేలా ఏడ్చింది. ఆ ఏడుపు ఎప్పటికీ ఆగకపోయినా బాగుండుననిపించింది.

ఆసుపత్రిలో అన్నీ చూసి, భయం లేదన్నారు. ఇంటికి రాగానే మా ఆయన మిషనును గది వైపు తిప్పేశాడు. నేను మిగిలిన మువ్వలన్నీ కత్తిరించి బయట పారేశాను. నిద్రపుచ్చుదామని పిల్ల గౌను విప్పితే, వీపు మీద నా చేతి గుర్తు ఎర్రగా తేలి ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. నన్ను చూసి పిల్లా మొదలెట్టింది.

అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. ఆ గుర్తు చూసింది. నా కుడిచెయ్యి లాక్కుని, గోడనూ గడపనూ కొట్టినట్టే దాన్ని కొట్టింది.

"కొట్టేశాంలే తల్లీ" అంది.

పిడుగు ఏడుపు మానేసి, దెబ్బ తిన్న నా చేతి వైపు తృప్తిగా చూసింది.

"జోకొట్టకండి అత్తయ్యా, గట్టిగా కొట్టండి" అన్నాను.

అత్తయ్య కొట్టలేదు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది.